మూతల మాస్టారి గొర్రెపాల పెరుగు

గొర్రెపాలతో పెరుగు చేసే ఆ చిన్న కర్మాగారంలో, పాలు తోడుకునే వెచ్చటి గదికి ఆయనే పెద్ద. మూత కనిపిస్తే ఎత్తి చూడకుండా ఉండలేడు కాబట్టి అందరికీ మూతల మాస్టారు అయ్యాడు. ఇంట్లో అన్నం ఉడుకుతున్నా, ఆవిరికి కళ్లజోడు మసకబారితే గానీ ఆయన మనసు కుదుటపడదు.

శాస్త్రం మాత్రం కంఠతా. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని పులుపుగా మారుస్తాయనీ, ఆ పులుపుకి మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయనీ, గొర్రెపాలలో అవి ఎక్కువ కాబట్టి పెరుగు గట్టిగా వస్తుందనీ, మధ్యలో కదిపితే వల తెగి నీళ్లు విడుస్తుందనీ అడగనివాళ్లకి కూడా చెప్పేవాడు. చెబుతూనే మూతెత్తి, గిన్నె వంచి, గరిటె గుచ్చి చూపించేవాడు.

పెరుగు మీద నీళ్లు తేలేవి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మేత మారిందనేవాడు, గొర్రెలకి దిగులనేవాడు. చివరికి, అక్కడే గిన్నెలు కడిగే తన భార్య సరిగ్గా తోమడం లేదని నలుగురిలో అనేశాడు. ఆవిడ మనసు చివుక్కుమంది.

యజమానురాలికి ఓపిక నశించింది. ఈసారి కూడా నీళ్లు తేలితే గది తాళంచెవి చేతులు మారుతుందని చెప్పేసింది. దాన్ని బెల్టుకి తగిలించుకుని బావమరుదుల ముందు తిరిగిన మనిషికి తల తీసేసినంత పనైంది.

ఆ రోజు పాలు తోడుపెట్టి గిన్నెలన్నీ అరల్లో సర్దాడు. చోటు చాలక ఒకదాన్ని బల్ల కింద పెట్టి, కంగారులో దాని సంగతే మరిచిపోయాడు. ఇక కాలుగాలిన పిల్లిలా లోపలికీ బయటికీ తిరిగాడు. ఒక్కసారి చూస్తే ఏమవుతుందిలే అని చూశాడు. సరిగ్గా కనపడలేదని మళ్లీ చూశాడు.

యజమానురాలు వచ్చేసరికి అరల్లోని పెరుగంతా ముక్కలై నీళ్లలో తేలుతోంది. నేల తుడుస్తున్న భార్య బల్ల కింది గిన్నెను బయటికి లాగింది. అందులో కత్తితో కోయాల్సినంత గట్టి పెరుగు. యజమానురాలు చెంచాడు తిని, దీన్నెవరు చూసుకున్నారని అడిగింది.

"నేనేనండీ. దీని మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాను," అన్నాడాయన ఛాతీ విరుచుకుని.

"అయితే ఇకమీదట అన్నిటినీ ఇలాగే చూసుకోండి," అని ఆవిడ వెళ్లిపోయింది.

మాస్టారు తాళంచెవి తడుముకున్నాడు. భార్య చేతులు తుడుచుకుని అరచెయ్యి చాపింది.

"అదిటివ్వండి. తోడుపెట్టాక గదికి నేనే తాళం వేస్తాను. ఈ మూత మీద చెమ్మ పట్టింది పట్టినట్టే ఉంది, మీ వేలు పడిన గుర్తు ఒక్కటీ లేదు. మీరు పెట్టిన శ్రద్ధేమిటో మేడమ్‌కి చెప్పమంటారా?"

తేలు కుట్టిన దొంగలా ఆయన బెల్టు నుంచి తాళంచెవి తీసిచ్చాడు.

ఇప్పుడక్కడ పెరుగు గడ్డలా తోడుకుంటోంది. మాస్టారు తాళం వేసిన తలుపు ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్లకి శాస్త్రం చెబుతున్నాడు.