నర్సిములు చూసిన హాంబర్గ్

పన్నెండేళ్లుగా ఒక ఊరిని మోస్తున్నాను. నేను ఎన్నడూ అడుగు పెట్టని ఊరు. రాయచూరులో కొందరు నన్ను ఇప్పటికీ 'హాంబర్గ్ సారు' అంటారు. అలా పిలిచిన ప్రతిసారీ తలూపాను. తలూపిన ప్రతిసారీ లోపల ఏదో కొంచెం చచ్చింది. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్లు ఎవరో రాసిన చరిత్రను నోట్సుగా చెప్పాను. నా పేరుతో ఒక్క పుస్తకమైనా రావాలని ఆశ. రాయడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాయచూరు దగ్గరి గిల్లేసూగూరు నుంచి నర్సిములు మా ఇంటికి వచ్చాడు. చేతిసంచిలో మూడు నోటుపుస్తకాలు.

ఆయన నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. చిన్నప్పుడు గద్వాల దగ్గర మేనమామ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా తెలుగు చదివాడు. కరువు రోజుల్లో బొంబాయి రైలెక్కి, కూలి పనుల్లోంచి సరుకు ఓడల్లోకి చేరాడు. ఇంజను గదిలో నూనె తుడిచే పని. ఒకసారి ఓడ మరమ్మతుకని హాంబర్గ్ రేవులో మూడు నెలలు ఆగిపోయింది. పని లేని పూటల్లో ఆయన ఊరంతా నడిచాడు. అక్కడే స్థిరపడిన ఒక కేరళ నావికుడు హిందీలో చెప్పిన ఊరి కథలన్నీ తెలుగులో రాసుకున్నాడు. నన్ను అడిగింది ఒకటే. తప్పులు దిద్దిపెట్టమని.

ఆ పుస్తకాల్లో ఏముందో చెప్పకపోతే నేనేం చేశానో మీకు తెలియదు.

సముద్రానికి చాలా దూరాన, ఎల్బే నది మీద ఉన్న రేవు అది. అయినా సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు ఊరి నడుమ దాకా వచ్చి పోతుందట. నీళ్లలో దిగేసిన దుంగల మీద ఎర్ర ఇటుక గోదాములు, వాటినిండా కాఫీ, మిరియాలు, తివాచీలు. రాజు లేని ఊరు. వందల ఏళ్లు వర్తకులే ఏలుకున్నారు. తమ మీద దొరలెవరూ లేరని వాళ్లకు గర్వం, అందుకే అక్కడి పెద్దమనుషులు బిరుదులూ పతకాలూ పుచ్చుకోరట. తక్కువ మాట్లాడతారు. పొద్దునైనా సాయంత్రమైనా 'మోయిన్' అని ఒక్క పలకరింపు, అంతే. ఒకప్పుడు పెద్ద అగ్నిప్రమాదంలో ఊరు కాలింది. యుద్ధంలో విమానాలు వేసిన బాంబులకు మళ్లీ కాలింది. ఆ తర్వాత ఒక చలికాలం తుఫానుకు కట్టలు తెగి, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే మునిగిపోయారు. ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారు. ఒక కాలిన చర్చిని మాత్రం బాగుచేసుకోలేదు. నల్లబడ్డ గోపురంతో అలాగే ఉంచేశారు. 'మర్సిపోతమేమో అని ఇడ్సిపెట్టిండ్రంట' అని రాశాడు నర్సిములు.

మూడో పుస్తకంలో ఇంకొకటి ఉంది. ఇళ్ల ముందు, నడిచే బాటలో, అరచేతంత ఇత్తడి పలకలు. ఆ ఇళ్లలో బతికిన, హిట్లరు కాలంలో పట్టుకుపోయి చంపిన యూదుల పేర్లు వాటి మీద. ఆయనకు ఆ లిపి రాదు. ఒక పేరును బొమ్మలాగా, అక్షరం తర్వాత అక్షరం గీసుకున్నాడు. కింద రాశాడు: 'తప్పు జేసిన ఊరే ఆ తప్పును బాటల రాసి పెట్టుకుంది. నేను తొక్కకుంట నడిసిన.'

అది మళ్లీ మళ్లీ చదివాను. ముప్పై ఏళ్లలో నేను ఒక్క వాక్యం కూడా అలా చెప్పలేదు.

దిద్దడం నిజాయితీగానే మొదలుపెట్టాను. దొంగతనం ఎక్కడ మొదలైందో ఎన్నిసార్లు వెతుక్కున్నానో! 'ఇంట్ల'ను 'ఇంట్లో' చేసినప్పుడా? 'ఏంది' తీసేసి 'ఏమిటి' పెట్టినప్పుడా? మాటను మార్చిన కొద్దీ అది నాది అవుతున్నట్టు అనిపించింది. చివరికి 'నర్సిములు చూసిండు' అని ఆయన తన గురించి రాసుకున్న చోటల్లా 'నేను చూశాను' అని రాసుకుంటూ పోయాను. ముందుమాటలో ఆయనకు కృతజ్ఞతగా ఒక వాక్యం పెట్టాను. ప్రూఫులు దిద్దేటప్పుడు దాన్ని కొట్టేశాను. కర్నూలులో అచ్చు వేయించాను, ఇక్కడ ఎవరి కంటా పడదని. నిజంగా పడకూడదనుకున్నానా? పడాలనే కదా పుస్తకం వేసింది!

పడింది. రాయచూరులోనే సభ పెట్టారు. పతకాలు పుచ్చుకోని ఊరి గురించి చెప్పి శాలువా కప్పించుకున్నాను. ఎన్నాళ్లున్నారు సార్ అక్కడ అని ఎవరో అడిగారు. మూడు నెలలు అన్నాను.

ఆ తర్వాత ఏడాదికి నర్సిములు వచ్చాడు. షుగరుతో చూపు పోతోంది. గుమ్మం తడుముకుంటూ వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చున్నాడు.

"నా నోటుబుక్కులు ఏమాయె సార్? కండ్లు ఆనుతలెవ్వు. ఒక్కపాలి సదివి వినిపిస్తరేమో అని వచ్చిన."

"చెదలు పట్టినయి నర్సిములూ," అన్నాను. "మొత్తం ఖరాబ్ అయినయి. నీకెట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న."

"మూడూనా?"

"మూడూ."

అవి నా వీపు వెనక అలమారలో ఉన్నాయి. తాళం చెవి నా జేబులో.

ఆయన కుర్చీ చేతులు తడుముకున్నాడు. తర్వాత నవ్వాడు. "పోనీ తియ్యండి సార్. మీరు సదివిండ్రు గదా, మీ తలకాయల ఉంటది. ఆ కాలిన గుడి సంగతి నేనెట్ల రాసిన్నో జర చెప్పండి. నాకు యాదికి వస్తలేదు."

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. సభలో చూడకుండా చెప్పాను. ఒక్క నిమిషం పని. చెబితే ఆ మనిషి తన మూడు నెలలు తాను వెనక్కి తెచ్చుకుని పోయేవాడు.

"నాకూ యాదికి లేదు," అన్నాను.

ఎందుకన్నాను? దొరికిపోతానన్న భయమా? కాదు. ఆయనకు చూపే లేదు, నా పుస్తకం ఎలా చదువుతాడు? ఆయన ఎదుట ఆ మాటలు పలికితే అవి ఆయనవేనని నాకు తెలిసిపోతుంది. దాన్నే ఓర్చుకోలేకపోయాను. ఆయనకు అంతా తెలిసే అడిగాడా? తెలియదు. ఆ నవ్వుకు అర్థం ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఐదు నెలలకు నర్సిములు పోయాడు. అప్పటినుంచి రాయచూరు కోట గోడ పక్కన నడుస్తుంటే నా కళ్లు కిందికే పోతాయి, బాటలో ఏదో పేరు ఉన్నట్టు. కునుకు పడితే ఆ ఊరే. పోటు నీళ్లు మెట్లెక్కి వస్తుంటాయి, నర్సిములు ముందు నడుస్తుంటాడు. పిలుస్తాను. వెనక్కి తిరగడు. నేను చూడని ఊళ్లో ఆయన లేకుండా నాకు దారి తెలియదు.

పోయిన వారం మూడు పుస్తకాలూ సంచిలో వేసుకుని గిల్లేసూగూరు బస్సెక్కాను. ఆయన కూతురు పద్మమ్మ వాకిట్లో వేరుశనగలు ఒలుస్తోంది. ఆమె కన్నడ బడిలో చదివింది. తండ్రి రాత చదవలేదు. నన్ను చదవమంది. మొదటి పేజీ ఆయన రాసింది రాసినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా చదివాను. తర్వాత అంతా చెప్పాను. చెదల సంగతీ, నా పేరు వేసుకున్న సంగతీ, ఆయన అడిగితే యాదికి లేదన్న సంగతీ. చేతులు ఆపి వింది.

"ఇన్నేండ్లు ఉన్నయా సార్ ఇవి?"

"ఉన్నయమ్మా."

పుస్తకాలు తీసుకుని లోపలికి పోయింది. కూర్చోమనలేదు. పొమ్మనలేదు. వాకిట్లో కాసేపు నిలబడి, రోడ్డు మీదికి వచ్చేశాను. ఆమె క్షమించలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. కానీ ఉన్నయి అన్న ఆ ఒక్క మాట, ఆ ఇంటివాళ్లకు నేను ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పిన నిజం. రెండో నిజం, మీకు రాస్తున్న ఇది.