ముందు నిలబడే మనిషి

సింగపూర్‌లో మా బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో వెనక గది అద్దెకి తీసుకున్నది అమెరికా నుంచి వచ్చిన నల్లపిల్ల. వన్-నార్త్ ల్యాబుల్లో ఏదో పరిశోధన. ఎంత పొడుగంటే, నాకందని పై అరలో పళ్లాలన్నీ తనే దించేది. "ఆంటీ, గదిచ్చారా, నిచ్చెన ఉద్యోగమిచ్చారా?" అనేది. "రెండోదానికి జీతం లేదు లా" అనేదాన్ని. నాది మధ్యలో బడి మానేసిన ఇంగ్లీషు, ఇక్కడివాళ్లలాగా చివర ఒక 'లా' తగిలిస్తే నడిచిపోతుంది.

తన గోడ మీద ఒక ఫొటో ఉండేది. కాలేజీ ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు వరసగా, ముందు పిల్ల భుజం మీద వెనక పిల్ల చెయ్యి. చివర్న ఈ పిల్ల.

"చదువులో వెనకబడ్డావా ఏం?"

"పొడుగుని బట్టి ఆంటీ, పొట్టివాళ్లు ముందు. ఆ ఏడు మా సంఘంలో చేరినవాళ్లం."

సంఘం సంగతి అప్పుడే చెప్పింది. వాళ్ల ముత్తవ్వల నాటి మాట. నల్లపిల్లకి కాలేజీలో సీటు దొరకడమే గగనం, దొరికినా తెల్లపిల్లల సంఘాల్లో చేరనిచ్చేవాళ్లు కారట. అయితే మాకు మేమే అక్కచెల్లెళ్లం అనుకున్నారు కొందరు. బీద పిల్లలకి చదువు చెప్పడం, ఓటు హక్కు కోసం నిలబడటం, రోగమొస్తే ఆదుకోవడం, అదీ వాళ్ల పని.

"ఇక్కడి మా తెలుగు సంఘం ఉగాది పచ్చడి అయ్యేదాకానే. మీది కాలేజీ అయ్యేదాకానా?"

"చచ్చేదాకా. చచ్చాక సాగనంపేదీ మేమే."

ఫొటోలో తన చెయ్యి ఏ పిల్ల భుజం మీదుందో ఆ పిల్ల జబ్బుచేసి పోయింది. కబురొచ్చిన రోజు ఈ పిల్ల మా చెప్పుల స్టాండు పక్కనే కూలబడిపోయింది. ప్రయోగం మధ్యలో ఉంది, లీవు ఇవ్వలేదు. సాగనంపేటప్పుడు అందరూ తెల్లబట్టల్లో అదే వరసలో నిలబడతారట. తను ఫోన్లోనైనా నిలబడాలి. అక్కడ సాయంత్రం, మనకి పొద్దున.

"కాసేపు హాలు ఇస్తారా ఆంటీ?"

నన్నూ రమ్మందనుకున్నాను. తెల్లచీర కట్టాను. మా ఆయన బతికుండగా ఆ చీర కట్టానని తెలిస్తే మా అమ్మ చంపేసి ఉండేది. ఆ పిల్ల నన్ను చూసి తల దించుకుంది.

"చేరినవాళ్లే ఉండాలి ఆంటీ."

"నా ఇంట్లోంచి నన్నే గెంటుతున్నావా?" అన్నాను. తను నవ్వలేదు. మా ఆయన్ని కూడా లాక్కుని కారిడార్‌లోకి పోయాను. పక్కింటి చైనా అవ్వ నా చీర చూసి ఎవరు పోయారని అడిగింది. ఏం చెప్పను? నా మనిషి కాదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మా ఆయన కాఫీకి కిందికి దిగిపోయాడు. ఫోను ఆరిపోయి ఉంది.

"దాని చోటు ఖాళీగా ఉంచారు. దాని వెనక నాది కూడా. చూస్తే ఇద్దరం పోయినట్టుంది."

వెళ్లి తన ముందు, వీపు తనవైపు పెట్టి నిలబడ్డాను. నా భుజం తన మోచేతి కిందెక్కడో ఉంది. చెయ్యి వేసింది. బరువుగా, చల్లగా ఉంది. ఒక్క క్షణం ఉంచి తీసేసింది.

"మీరు కాదు ఆంటీ."

మెల్లగానే అంది.

"తెలుసు. పొట్టిదాన్ని, నన్ను ముందెక్కడో నిలబెట్టాలి. పద, అన్నం తిందాం."

వంటింట్లోకొచ్చి పై అరలోంచి నాకొక్కదానికే పళ్లెం దించిపెట్టింది. గదిలోకెళ్లి తలుపేసుకుంది.