ఉతకని బొంత

నా చిన్నప్పుడు సిరిసిల్లలోని మా ఇంట్లో నల్లోడు అనే ముసలి కుక్క ఉండేది. సాంచాల గది గడపకు అడ్డంగా పడుకోవడం దాని అలవాటు. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలు అంటారు. ఆ గదిలోకి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే దాన్ని దాటే పోవాలి. దాటేముందు ‘జరగరా’ అని ఒక మాట అనేవాళ్లు. అది జరిగేది కాదు. ఏళ్ల తరబడి నాలుగు సాంచాల మోత పక్కన బతికిన దాని చెవులు ఎప్పుడో పోయాయి. ఎడమ కంటికి పొర కమ్మింది. అయినా సాంచాలు ఆగి ఉన్నప్పుడు గచ్చు మీద ఎవరి అడుగు పడినా, ఆ అదురు పొట్టకు తెలిసి తల ఎత్తేది.

ఒక మధ్యాహ్నం నాలుగు సాంచాలూ నడుస్తుండగా ఎవరో వెనుక వాకిలి నుంచి వచ్చి నూలు సంచి ఎత్తుకుపోయారు. నల్లోడు మొరగలేదు. నడిచే సాంచాల దగ్గర గచ్చంతా అదురుతూనే ఉంటుంది కనుక, దొంగ అడుగును వేరుగా పోల్చుకోవడం ఏ కుక్కకూ సాధ్యం కాదు. ఈ సంగతి పదేళ్ల నాకు అర్థమైంది. మా పెద్దబాపుకు అర్థం కాలేదు.

పెద్దబాపు మా నాన్నకు అన్న. నాన్న వలసపోయి భీవండిలో సాంచాల మీద పనిచేసేవాడు కనుక ఇంట్లో మాట పెద్దబాపుదే. కోరుట్లలో ఉన్న మా మేనత్త ఇంట్లో కుక్క ఈనిందనీ, అందులో ఒక పిల్లను తెస్తాననీ ఆ సాయంత్రం ఆయన ప్రకటించాడు. నల్లోణ్ణి మాత్రం ఆదివారం ఆటోలో వేములవాడ తీసుకుపోయి బస్టాండు దగ్గర వదిలేస్తానన్నాడు.

“వచ్చిపొయ్యే జనం ఏదో ఒకటి పడేస్తరు. బువ్వకు గోస పడది. ఒక్కింట్ల రెండు కుక్కలుంటె కొట్టుకొని సస్తయ్.”

నేను వెళ్లి గడప మీద నల్లోడి పక్కన కూర్చున్నాను. పోనియ్యనన్నాను. మా ఇంట్లో ఆడపిల్ల పెద్దబాపుకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయనకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. అదే నాకు ఎక్కువ అవమానంగా తోచింది. “అయితె నిన్ను గూడ ఆన్నే దింపొస్త తియ్యి” అన్నాడు.

అప్పుడు సాంచా వెనుక నుంచి మా బాపమ్మ గొంతు వినిపించింది. మా నాన్న తల్లి ఆమె. మగ్గాల కాలంలో నేత నేర్చి, సాంచాలు వచ్చాక పోగులు అతికే పనికి మారిన మనిషి. “కుక్కపిల్లను తేరా కొడుకా. అవి రెండూ ఒక్క దినం కొట్టుకున్నా ముసలిదాన్ని నేనే వేములవాడకు తోల్కపోత. కొట్టుకోకపోతె మాత్రం ఇంక దాని ఊసెత్తద్దు” అంది.

పెద్దబాపు ఒప్పుకున్నాడు. ఓడిపోయే పందెం తల్లి ఎందుకు కాసిందో ఆయనకు తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

మరునాడు బాపమ్మ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక సాంచా మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు చుట్టిన బీము ఎక్కించారు. పాత పడుగు చివరలు దువ్వెనలాంటి అచ్చు పళ్ల వెనుక ఇంకా వేలాడుతూ ఉన్నాయి. ఆమె వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి ఒక్క మెలి తిప్పేది. అంతే, రెండూ ఒకటయ్యేవి. ఒకటి తర్వాత ఒకటి, వేల పోగులు. అన్నీ అతికిన తర్వాత ముందు నుంచి పాత బట్టను మెల్లగా లాగితే, కొత్త పోగులు పాత పోగుల వెంట ఒక్కొక్క కన్నులోంచి, ఒక్కొక్క పంటి సందులోంచి తమంతట తామే నడిచి వస్తాయి. అదంతా రోజూ చూసే పనే అయినా నేను ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

“కొత్తదానికి తొవ్వ తెల్వది బిడ్డా. పాతదే తోల్కపోతది. పాతది కోసి పారేసినవనుకో, గిన్ని కన్నులల్ల ఒక్కొక్క పోగు మళ్ల గుచ్చుకుంట కూసోవాలె. మీ పెద్దబాపుకు గా ఓపిక లేదు” అంది.

కుక్కలకు పోగులు ఉండవు కదా అన్నాను. ఉంటాయట. వాటి పోగు వాసన. నల్లోడు పడుకునే బొంత ముక్క ఒకటి ముందుగా కోరుట్లకు పంపాలి. పిల్ల దాని మీద కొన్ని రోజులు పడుకోవాలి. అప్పుడు అది మన గడపకు వచ్చేసరికి నల్లోడు దానికి పరాయివాడు కాడు. ఆ పని ఆమె నాకే అప్పగించింది. కోరుట్లకు వెళ్లే పక్కింటి అక్క చేతికి ఆ ముక్క ఇవ్వమంది.

నేను శ్రద్ధగా చేశాను. మా ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నేతవాళ్ల ఇంటి నుంచి బంధువుల ఇంటికి పోయే బట్ట మాసి ఉండకూడదు. చిరిగినదైనా సరే, ఉతికి, గంజిపెట్టి, మడత నలగకుండా పంపాలి. నేను ఆ బొంత ముక్కను రెండుసార్లు సబ్బుతో రుద్ది ఉతికాను. గంజి పెట్టాను. ఎండలో ఆరేసి, అంచులు కలిపి మడిచి, పక్కింటి అక్కకు ఇచ్చాను. మరునాడు బాపమ్మ అడిగితే ఈ వివరమంతా గర్వంగా చెప్పాను.

ఆమె నుదురు కొట్టుకుంది. తర్వాత పడిపడి నవ్వింది. “నల్లోన్ని పంపమంటె వాన్ని నూకి సబ్బును పంపినవా!”

నాకు ఏడుపు వచ్చింది. పిల్లను తెచ్చే ఆదివారానికి ఇంకా మూడు రోజులే ఉంది. నల్లోణ్ణి ఇంట్లోంచి పంపేసేది పెద్దబాపు కాదు, నేనే అనిపించింది. బాపమ్మ కాసేపు నా ఏడుపు చూసి, చేతిలోని పోగులను అట్లాగే వదిలేసి లేచింది. గడప మీద నల్లోడి కింద ఉన్న పెద్ద బొంతను, దుమ్ముతో, వెంట్రుకలతో, ఏళ్లనాటి వాసనతో సహా లాగి చుట్ట చుట్టింది. నన్ను తీసుకుని తానే కోరుట్లకు బయలుదేరింది.

పెద్దబాపు అడ్డు వచ్చాడు. నూలు ఇచ్చే సేఠుకు ఆ వారమే తానులు అప్పజెప్పాలి, బీము సగం అతికి ఉంది. మా వాడలో సగం అతికిన బీము మీద వేరొకరు కూర్చోరు. ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి. అది అందరూ పాటించే పద్ధతి.

“గా పోగులెవలు అతుకుతరే అవ్వా?” అని తల్లిని అడిగాడు ఆయన.

“నేనే అతుకుత. వచ్చేటాలకు నల్లోడు గీ గడప మీద లేకుంటె నువ్వే అతుక్కో” అంది ఆమె, వెనక్కి తిరిగి చూడకుండా.

బస్సులో మా చుట్టూ ఉన్న సీట్లు మెల్లమెల్లగా ఖాళీ అయ్యాయి. కండక్టర్ ముక్కు మూసుకుని వచ్చాడు.

“ఏం తోల్కపోతున్నవే పెద్దమ్మా? గదేం వాసన?”

“మా ఇంటి పెద్దమనిషిది. ఆయన రానన్నడు, ఆయన బొంత వస్తున్నది.”

“మరి దానికి టికెట్ కొట్టాల్నా?”

“కొట్టు కొడుకా. సీట్ల కూసోవెట్టుకుంట.”

బస్సంతా నవ్వింది. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. అయితే ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. వేములవాడ బస్టాండులో బస్సు ఆగినప్పుడు బయట చూశాను. ఎవరివీ కాని కుక్కలు సంచులు మోసే జనం కాళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఒక ముసలి కుక్క దిగేవాళ్లందరి ముఖాల్లోకీ చూస్తూ ఉంది, ఎవరో తెలిసినవాళ్లు దిగుతారన్నట్టు. నేను బొంతను ఒళ్లోకి తీసుకున్నాను. ఆ తర్వాత కోరుట్ల వచ్చేవరకు కింద పెట్టలేదు.

మేనత్త ఇంట్లో నేను పంపిన బట్ట ఎక్కడ ఉందని వెతికితే అల్మారాలో దొరికింది. “గంత మంచిగ గంజివెట్టి మడతవెట్టి పంపితె కుక్కపిల్లకనుకుంటనా? నాకే అనుకున్న” అంది మేనత్త. బాపమ్మ నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. తర్వాత మురికి బొంతను పశువుల కొట్టంలో కుక్కపిల్లల మధ్య పరిచింది. ఎర్రటి పిల్ల ఒకటి దాని అంచు నోట కరుచుకుని గుంజి, తుమ్మి, చివరకు దాని మధ్యలోనే నిద్రపోయింది. ఆదివారం పొద్దున్నే దాన్ని ఆ బొంతలోనే చుట్టుకుని తిరుగు బస్సెక్కాం.

మా వీధిలోకి వచ్చాక బాపమ్మ నేరుగా ఇంటికి పోలేదు. మూల మలుపు దగ్గర, నూలు ఆరబెట్టే ఖాళీ జాగాలో ఆగింది. కొత్తగా వచ్చినదాన్ని ఒకరి గడప మీద దింపకూడదని, అటు దాని సొంతమూ ఇటు దీని సొంతమూ కాని చోట కలపాలని చెప్పి, నన్ను ఇంటికి పంపింది. నల్లోడు గడప మీదే ఉన్నాడు. ఒట్టి గచ్చు మీద పడుకుని ఉన్నాడు. తాడు కట్టి తీసుకొచ్చాను. వెనుకనే పెద్దబాపు చేతికర్రతో వచ్చి నిలబడ్డాడు.

బాపమ్మ ముందు బొంతను పరిచింది. నల్లోడు దాన్ని చాలాసేపు వాసన చూశాడు. తన వాసన, దాని మీద మరొకరిది. తర్వాత పిల్లను చూసి గుర్రుమన్నాడు. తాడు బిగపట్టాను.

“గుంజకు బిడ్డా. గుంజితె పోగు తెగుతది. ఇడిసిపెట్టు.”

వదిలాను. అంతకంటే కష్టమైన పని నేను ఆ వయసులో చేయలేదు. పిల్ల పొట్ట నేలకు ఆనించి పాకుతూ వెళ్లి నల్లోడి మూతి కింద దూరింది. వాడు దాన్ని తల నుంచి తోక దాకా మూచూశాడు. తర్వాత ఇక చూసిందేదో చూశానన్నట్టు వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు. పిల్ల వాడి వెంట నడిచింది. ఏ గుమ్మం దగ్గర తిరగాలో, ఏ మెట్టు విరిగిందో దానికి ఎవరూ చెప్పలేదు. వాడు అడుగు వేసిన చోటే అదీ వేసింది.

ఇంట్లో బాపమ్మ నల్లోడి చిప్పలో వాడికే ముందు బువ్వ పెట్టింది. పిల్లకు దూరంగా వేరే గిన్నె పెట్టింది. పిల్ల తన గిన్నె వదిలి పెద్దవాడి చిప్పలో మూతి పెట్టబోయింది. నల్లోడు ఒక్క అరుపు అరిచాడు. పిల్ల కుయ్యిమని వెనక్కి పడింది.

“చూసినవా?” అంటూ పెద్దబాపు కర్ర ఎత్తాడు. “నేను చెప్పలే?”

నేను కర్రకూ కుక్కకూ మధ్య నిలబడ్డాను. బాపమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

“పెద్దోడు చిన్నోనికి బుద్ధి చెప్పుడు కొట్లాటనారా? నీ పళ్లెంల చెయ్యి పెట్టిండని నీ తమ్మున్ని నువ్వెన్నిమాట్ల ఎల్లగొట్టలే? నిన్ను వేములవాడల ఇడిసివెట్టిన్నా?”

పెద్దబాపు కర్ర దించాడు. ఈలోగా పిల్ల తన గిన్నె దగ్గరికి వెళ్లి తిని, గడప మీద పరిచిన బొంత అంచున, నల్లోడి తోక తగిలేంత దూరంలో ముడుచుకుని పడుకుంది. చివరకు ఆయన అన్న మాట ఒక్కటే: “గా పోగులు ఎప్పుడు అతుకుతవ్ అవ్వా?”

మా పెద్దబాపు తాను ఓడిపోయానని చెప్పగలిగిన విధానం అదే. బాపమ్మ బూడిద అద్దుకుని బీము ముందు కూర్చుంది.

నల్లోడు ఆ తర్వాత దాదాపు రెండేళ్లు బతికాడు. సాంచాలు ఆగిన వేళ గచ్చు అదిరితే వాడు తల ఎత్తేవాడు. వాడి తల లేవగానే పిల్ల మొరిగేది. చెవులు లేనివాడు, అనుభవం లేనిది కలిసి ఒక మంచి కాపలా అయ్యారు. వాడు ఆ గడప మీదే, ఆ బొంత మీదే పోయాడు. ‘జరగరా’ అనే అలవాటు మాకు చాలాకాలం పోలేదు.

కొన్నేళ్లకు నేను డిగ్రీ చదవడానికి జగిత్యాల వెళ్లాను. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. హాస్టల్‌లో మొదటి సాయంత్రం పెట్టె తెరిస్తే, గంజిపెట్టిన నా కొత్త బట్టల అడుగున బాపమ్మ కప్పుకునే బొంత కనిపించింది. ఉతికినది కాదు. బూడిద, నూనె, ఆమె వక్కాకు వాసన అందులో అట్లాగే ఉన్నాయి. నా మాట విని, నా బట్టలు చూసి నవ్విన వాళ్లు ఆ హాస్టల్‌లో ఉన్నారు. ఇంటి వాసన వదిలించుకుంటేనే చదువుకున్నదానివవుతావని మంచి మనసుతో సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నేను వదిలించుకోలేదు. చదువు నాలోకి వచ్చింది, ఆ పాత పోగుల వెంటే వచ్చింది. ఇప్పుడు నేను ఇంత జాగ్రత్తగా రాసే ఈ తెలుగు కూడా వాటి వెంట నడిచి వచ్చినదే.

ఇప్పుడు జగిత్యాలలోని మా ఇంట్లో పన్నెండేళ్ల కుక్క ఉంది. వెనుక కాళ్లు సరిగా లేవవు. వచ్చే వారం నా మనవరాలు ఒక కుక్కపిల్లను తెస్తోంది. ముసలిదాన్ని మల్యాల దగ్గర తెలిసినవాళ్ల మామిడి తోటకు పంపితే హాయిగా ఉంటుందని మా అల్లుడు మర్యాదగా సూచించాడు. నేనూ మర్యాదగానే కుదరదని చెప్పాను. మనవరాలిని పిలిచి, ముసలి కుక్క పడుకునే దుప్పటిని ఒక సంచిలో పెట్టి, పిల్ల ఉన్న ఇంటికి ఇచ్చి రమ్మన్నాను. సంచి విప్పి చూసి మనవరాలు ముక్కు మూసుకుంది. ఒకసారి మెషీన్‌లో వేసి ఇస్తే బాగుంటుంది కదా అమ్మమ్మా అని అడిగింది.

వద్దన్నాను. నా చేతులతోనే సంచి మూతి కట్టి దానికి ఇచ్చాను.