రడ్కా ఆంటీ ఇచ్చిన గోధుమలు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. హాస్టల్లో అమ్మాయిలు భయపడుతుంటే కావాలని కిటికీ రెక్కలు కొట్టి ఏడిపించిన ఘనత కూడా నాదే. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. 2009లో చికాగోలో నాకు జరిగింది ఏమిటో మాత్రం ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను. ఎవరికీ చెప్పకపోవడానికి కారణం సిగ్గు. ఇందులో దయ్యం కన్నా నా నిర్వాకమే ఎక్కువ.

ఆ ఏడాది మేలో ఎమ్మెస్ అయింది. బయట ఉద్యోగాల్లేవు. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉన్నవాళ్ళు తొంభై రోజులకి మించి ఖాళీగా ఉంటే స్టేటస్ పోతుంది, ఆ దేశంలో ఉండనివ్వరు. నాకు అప్పటికే అరవై దాటాయి. సీనియర్లు చెప్పిన దారి ఒక్కటే: ఎక్కడో ఒకచోట వారానికి ఇరవై గంటలు జీతం లేకుండా పనిచేసి, ఖాళీగా లేనని లెటర్ తెచ్చుకోవడం.

అలా ఆర్ట్ గ్యాలరీల టూర్లు నడిపే ఓ చిన్న సంస్థలో చేరాను. వాళ్ళ వెబ్‌సైట్ బాగుచేయడం నా పని. శనివారాలు టూర్ తీసుకెళ్ళే ఆవిడ మానేసేసరికి ఆ పని కూడా నా నెత్తిన పడింది.

బొమ్మల గురించి నాకు తెలిసింది సున్నా. ఇచ్చిన కాగితాలు బట్టీ పట్టాను. ఎంసెట్‌కి కెమిస్ట్రీ మింగినదాన్ని, నాకిదో లెక్కా! మధ్యాహ్నం రెండు గంటల్లో నడుస్తూ ఐదు గ్యాలరీలు. నేను ఎడమవైపు నీలంరంగు గమనించమంటే అందరూ బుద్ధిగా గమనించేవాళ్ళు. నాకు లోపల నవ్వొచ్చేది, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఆఖరిది ఓ పాత బిల్డింగ్ పైఅంతస్తులో బల్గేరియా వాళ్ళు నడిపే హాలు. వాళ్ళ చిత్రకారుల బొమ్మలు, ఎర్రదారంతో కుట్టుపని చేసిన చొక్కాలు, మేకబొచ్చు ముసుగులు, నడుముకి కట్టుకునే పెద్దపెద్ద గంటలు ఉండేవి. చలికాలంలో మగవాళ్ళు అవి వేసుకుని గెంతుతూ ఊళ్ళోంచి చెడుని తరిమేస్తారట.

ఆ హాలు చూసుకునేది రడ్కా అనే పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. మన అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను, ఆవిడకి నచ్చింది. వచ్చినవాళ్ళందరికీ రొట్టెముక్క ఉప్పులో అద్దుకు తినమని ఇచ్చేది. అతిథికి వాళ్ళు చేసే మర్యాద అది. టూర్ అయ్యాక నాకు ఇంకో రెండు ముక్కలు పెట్టేది. ఆ రోజుల్లో నా శనివారం లంచ్ అదే.

సెప్టెంబర్‌లో రెండు వారాలు హాలు మూసి ఉంది. ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఊరుకున్నాను. ఫోన్ చేద్దామని కూడా తోచలేదు.

అక్టోబర్‌లో ఓ శనివారం వెళ్ళేసరికి రొట్టె లేదు. టేబుల్ మీద కాగితం కప్పులు. వాటిలో ఉడికించిన గోధుమలు, పైన పంచదార, వాల్‌నట్ పొడి. భర్త పోయి ఆ రోజుకి నలభై రోజులని చెప్పింది. తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ పంచాలట. తిన్నవాళ్ళు "దేవుడు ఆయన్ని క్షమించాలి" అంటే ఆ తిండి ఆయనకి అందుతుందట.

ఆ రోజు టూర్‌లో ఏడుగురున్నారు. ఏం చేయాలో తెలియక అందరూ నావైపు చూశారు.

నాకు వెంటనే అర్థమైంది. ఇది కర్మ భోజనం. ముఖమైనా చూడని మనిషి కోసం పెట్టింది ముట్టుకోవడమా? పైగా సోమవారం నాకు ఇంటర్వ్యూ ఉంది. దయ్యాల్ని నమ్మని నేను అపశకునానికి మాత్రం జడిశాను. తర్వాత తింటామని చెప్పి, కప్పులు పట్టుకోమని అందరినీ కిందికి దించాను. మెట్ల దగ్గరున్న చెత్తబుట్టలో ముందుగా నా కప్పు పడేశాను. ఇది పోయినవాళ్ళ కోసం పెట్టే తిండి, తినకపోయినా ఏం పర్లేదు అన్నాను. గైడే అలా అన్నాక ఎవరు తింటారు? ఏడుగురూ పడేశారు.

పేర్ల లిస్టు పైన మర్చిపోయానని మళ్ళీ వెళ్ళాను.

"అందరూ తిన్నారా?" అని అడిగింది.

"తిన్నాం ఆంటీ. చాలా బాగుంది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ నిమిషం తల్చుకుంటే ఇప్పటికీ నా ముఖం నాకే చూపించుకోబుద్ధి కాదు.

ఇంటర్వ్యూ ఎలాగూ పోయింది. ఆ తర్వాతి శనివారం మొదటి గ్యాలరీలో డెస్క్ దగ్గర కూర్చునే అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. నాతో వచ్చిన ముసలాయన, తినడానికి ఎప్పుడు పెడతారని అడుగుతున్నారట. నాతో వచ్చింది ఆరుగురు. ప్రతి గుమ్మం దగ్గరా తలలు లెక్కపెట్టడం నా అలవాటు. ఆరుగురిలో నలభై దాటినవాళ్ళే లేరు. రోడ్డు మీంచి ఎవరో వచ్చుంటారనుకున్నాను.

మూడో గ్యాలరీలో సెక్యూరిటీ అతను కూడా అదే మాట చెప్పాడు. ఆ అమ్మాయికీ ఇతనికీ ముఖపరిచయం కూడా లేదు. సన్నటి మనిషి, తెల్లచొక్కా టక్ చేసుకున్నారు, ఎంతో మర్యాదగా అడిగారు అన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. నా ఆరుగురే ఉన్నారు.

నాలుగు శనివారాలు ఇదే తంతు. ఒకసారి ఆ అమ్మాయి, ఒకసారి సెక్యూరిటీ, ఒకసారి ఇద్దరూ. నాకు మాత్రం ఒక్కసారీ కనబడలేదు. ఆయన ఎవరో నాకు తెలుసనే అనుకున్నాను. చెత్తబుట్టలో పడేసిన తిండి ఎవరిదో వాళ్ళే వచ్చి అడుగుతున్నారు.

రడ్కా ఆంటీకి చెప్పేయాలి. కానీ ఆవిడ మా ఆఫీసువాళ్ళతో ఒక్క మాట అంటే నా లెటర్ పోతుంది. చేతిలో ఉన్నవి ముప్పై రోజులు కూడా లేవు. అందుకని నోరు మూసుకుని నాలుగు వారాలూ ఆవిడ రొట్టె తిన్నాను. ఎంత సిగ్గులేనితనమో చూడండి.

ఐదో వారం రొట్టె ముట్టుకోకుండా పక్కన పెట్టాను. అందరినీ పంపేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెత్తబుట్ట సంగతి, ఏడుగురి సంగతి, ఆ ముసలాయన సంగతి.

ఆవిడ టేబుల్ మీద మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టసాగింది. తిడితే బావుండుననిపించింది.

"ఆయన ఏ భాషలో అడిగాడు?" అంది చివరికి.

"ఇంగ్లీష్‌లోనే ఆంటీ."

"మా ఆయనకి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు. ఈ ఊళ్ళో బస్ డ్రైవర్‌తో కూడా ఆయన తరఫున నేనే మాట్లాడేదాన్ని. ఆ రోజు మా చర్చిలో కూడా పంచాను, వాళ్ళందరూ తిన్నారు. ఆయనకి అందింది. ఈ వచ్చేది మా మనిషి కాదు." తర్వాత, "మీ వాళ్ళెవరైనా పోయారా?" అని అడిగింది.

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. జూలైలో మా తాతయ్య పోయారు, అమ్మ వాళ్ళ నాన్న. హైస్కూల్లో ఇంగ్లీష్ మాస్టారుగా చేశారు. పాలవాడితో కూడా ఇంగ్లీష్‌లో మాట్లాడే మనిషి. ఆ పరిస్థితిలో దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని నేను వెళ్ళలేదు. అమ్మ నన్ను తప్పుపట్టలేదు. "పెద్దకర్మ రోజున అక్కడ ఎవరో ఒక్కరికి కడుపునిండా పెట్టవే, అది చాలు" అంది, అంతే. సరేనన్నాను. ఆ రోజు రెజ్యూమేలు పంపుకుంటూ మర్చిపోయాను. తర్వాత అమ్మ ఫోన్ చేసి అడిగితే, "పెట్టానమ్మా" అన్నాను.

ఇదంతా రడ్కా ఆంటీకి చెప్పలేకపోయాను. ఏడ్చాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా గోధుమలు ఎలా వండాలో ఓ కాగితం మీద రాసిచ్చింది. ఆఫీసుకి మాత్రం ఒక్క మాట కూడా చెప్పలేదు.

మరుసటి శనివారం పొద్దున్నే లేచి, నానబెట్టిన గోధుమలు రైస్ కుక్కర్‌లో ఉడికించాను. టూర్‌కి ఐదుగురొచ్చారు. మొదటి గ్యాలరీ గుమ్మం దగ్గరే కప్పులిచ్చి, మా తాతగారి కోసం అని చెప్పాను. ముందు నేను తిన్నాను. వాళ్ళూ తిన్నారు, ఒకాయన రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

లోపల బొమ్మలు చూపించి బయటికి వస్తుంటే డెస్క్ దగ్గరమ్మాయి చెయ్యి ఊపింది. పెద్దాయన ఇవాళ ముందే వెళ్ళిపోయారట. నాకు థాంక్స్ చెప్పమన్నారట. "టిఫిన్ బాగుందన్నారు. టిఫిన్ అంటే ఏంటి?" అని అడిగింది.

బయటికొచ్చి మెట్టు మీద కూర్చుండిపోయాను. ఐదుగురూ నా చుట్టూ నిలబడి మంచినీళ్ళిచ్చారు.

ఆ తర్వాత ఎవరూ ఆయన ఊసెత్తలేదు. డిసెంబర్‌లో ఉద్యోగమొచ్చి మోరిస్‌విల్ అనే ఊరికి వెళ్ళిపోయాను. ఎన్నో రకాలుగా ఆలోచించాను. టిఫిన్ అన్న మాట చికాగోలో ఎవరికీ తెలియదని కాదు, మనవాళ్ళ హోటళ్ళుండే డెవాన్ వీధిలో బోర్డుల మీదే ఉంటుంది. మా టూర్ వెంట తిరిగే ముసలాయన నిజంగానే ఒకరు ఉండి ఉండొచ్చు. అలాగైతే నాకు ఒక్కసారైనా ఎందుకు కనబడలేదో తెలియదు.

అమ్మకి ఇంతవరకూ నిజం చెప్పలేదు. ఏటా తాతయ్య తిథి రోజున ఫోన్‌లో అడుగుతూనే ఉంటుంది, అప్పుడు అక్కడ ఎవరికి పెట్టావే అని.

"ఓ పెద్దాయనకి పెట్టానమ్మా" అంటాను. అబద్ధం చెబుతున్నానో నిజం చెబుతున్నానో నాకే తెలియదు.