సంచిలో వేసిన రెండో ఓటు

అసెంబ్లీ ఎన్నికలైపోయి, గెలిచినవాళ్ళ ఊరేగింపులు కూడా ముగిశాక సర్వే ఆఫీసువాళ్ళు మమ్మల్ని ఊళ్ళ మీదికి తోలారు. ఎవరికి ఓటేశారు, ఎందుకేశారు అని ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకురావడం మా పని. ప్రైవేటు బడిలో నా ఉద్యోగం పోయి అప్పటికి ఆర్నెల్లు. ఏ పనైతేనేం అనుకుని ఒప్పుకున్నాను గానీ వారం తిరక్కముందే విసుగొచ్చింది.

ఇందులో ఒక నియమం ఉంది. ఓటర్ల జాబితాలోంచి ఆఫీసువాళ్ళు ముందే కొన్ని పేర్లు ఏరి ఇస్తారు. ఆ మనిషినే అడగాలి. తలుపు తాళం వేసి ఉంటే మళ్ళీ వెళ్ళాలే తప్ప, పక్కింటావిడను అడిగి పని కానివ్వకూడదు. గద్వాలలో ఒక చీరల నేతగాడి కోసం అలాగే మూడుసార్లు తిరిగాను. మూడోసారి దొరికాడు. మగ్గం ఆపకుండానే, "గెలిచినోళ్లకే ఏసిన, రాసుకో మేడం" అన్నాడు. వనపర్తిలో చెప్పుల దుకాణం ముసలాయన కూర్చోబెట్టి చాయ్ తాగించి మరీ అదే మాట చెప్పాడు. ఓడినవాళ్ళకు ఓటేసినవాళ్ళంతా ఎక్కడికి పోయారో నాకర్థం కాలేదు. భూమి మింగేసిందా అని ఒళ్ళు మండేది.

ఇలా జరుగుతుందని ముందే తెలుసు గనక మాకొక గుడ్డ సంచి ఇచ్చారు. దాంతోపాటు గుర్తులన్నీ అచ్చేసిన ఉత్తుత్తి ఓటు కాగితాలు. మనం అటు తిరిగి నిలబడితే వాళ్ళు ఆ రోజు వేసిన గుర్తు మీదే మళ్ళీ గీత గీసి, మడిచి సంచిలో వేయాలి. నోటితో చెప్పనివాళ్ళు కాగితం మీద నిజం చెబుతారని ఆఫీసువాళ్ళ ఆశ.

నా జాబితాలో చివరి పేరు ఉప్పునుంతల దగ్గరి పల్లెలో ఒకావిడది. ముప్పై ఏళ్ళుంటాయి. రెండు రోజులు వెళ్ళినా ఇంటికి తాళమే. భర్తకు బాగోలేక నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉందని వాడవాళ్ళు చెప్పారు. మూడోరోజు అచ్చంపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని టిఫిన్ డబ్బా సర్దుతోంది.

"ఏంది మేడం, నా కోసమే తిరుగుతున్నరంట?" అంది.

తిరుగు ఆటో తప్పిపోతుందని నా కంగారు నాది. ప్రశ్నలు గబగబా అడిగాను. కాగితం చేతికిచ్చి, ఇది నిజం ఓటు కాదని, ఆ రోజు వేసినట్టే వేయాలని, రోజూ అప్పజెప్పే పాఠమే అప్పజెప్పాను. ఆమె కాగితాన్ని చాలాసేపు చూసింది.

"మేడం, ఇప్పుడు వేరే గుర్తుకేస్త. నడుస్తదా?"

ఎందుకని అడిగాను. నన్ను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పింది. ఓట్లకు రెండు రోజుల ముందు ఒక పార్టీ పెద్దమనిషి వాడలోని ఆడవాళ్ళందరినీ మైసమ్మ గుడి కాడికి పిలిపించాడట. పసుపు బియ్యం పళ్ళెంలో చెయ్యి పెట్టించి, మొగుడి మీద ఒట్టు వేయించాడట, తమ గుర్తుకే వేస్తామని.

"నేను గూడ ఏసిన. గని ఓట్లనాడు లోపలికి పోయినంక ఎవ్వరు లేకుండిరి. నా మనసుకు నచ్చినోళ్లకు ఏసొచ్చిన. పెండ్లైనంక ఎవ్వర్నడగకుంట నేను చేసిన పని గదొక్కటే. వారం గాలె, మా ఆయన ట్రాక్టర్ మీదికెల్లి పడ్డడు. కాలు రెండు తావుల ఇరిగింది. నడుస్తడో లేదో డాక్టర్లు చెప్తలేరు. ఒట్టు తప్పింది నేను, వచ్చింది ఆయన మీదికి."

ఒట్టు వేయించినవాడి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. వాడు ఎదురుగా లేడు కనక ఆ విసురు ఆమె మీదే చూపించాను. "ఎలక్షన్ అయిపోయిందమ్మా. ఈ కాగితం ఎందులోనూ కలవదు. ట్రాక్టరు మీంచి పడటానికీ ఓటుకీ సంబంధం ఏముంది?"

"మీకు లేదు మేడం. ఆయన మంచం కాడ కూసునేది నేను."

గోడవైపు తిరిగి నిలబడ్డాను. వెనక కాగితం మడిచిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఆమె ఆ మడతను కళ్ళకద్దుకుంటోంది. సంచిలో వేసి, మూతి తాడు తానే బిగించింది.

ఆ కాగితం అబద్ధమని నాకు తెలుసు. చించేసి, మనిషి దొరకలేదని రాయాలి. సంచి మీద ఆమె చెయ్యి ఇంకా అలాగే ఉంది. నాకు చించబుద్ధి కాలేదు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. ఓటు ఎవరి మాట విని వేశారు అని. భర్త, కులపెద్దలు, పార్టీవాళ్ళు, సొంత నిర్ణయం. ఈ నాలుగింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. మూడు జిల్లాల్లో నేనడిగినవాళ్ళంతా, భర్త పక్కన నిలబడి మాట అందిస్తే చెప్పిన ఆడవాళ్ళు కూడా, సొంత నిర్ణయమనే చెప్పారు. నా పెన్ను అలవాటుగా అక్కడికే పోయింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"సొంతమని రాయకున్రి మేడం, మీకు దండం పెడ్త. పార్టోళ్లు చెప్పిన్రని రాయున్రి."

సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను. పార్టీవాళ్ళు అన్న గడిలో టిక్కు పెట్టి, ప్రశ్నల కాగితం ఆమె వైపు తిప్పి చూపించాను. గడి మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ తర్వాతే నా చెయ్యి వదిలింది.