మామయ్య అన్న ఇంగ్లీషు మాట

మొన్న వైరాలో మా ఇంట్లో పొద్దున టీ తాగుతుంటే మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తి, "అమ్మా, ఫిజిల్ అంటే అసలు అర్థం ఏందో తెల్సా? చప్పుడు గాకుండ పిత్తుడంట!" అంది. నాకు పొలమారింది. వందల ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు ఆ అర్థంలోనే వాడేవారట. తర్వాతెప్పుడో అమెరికాలో కాలేజీ పిల్లలు పాఠం అప్పజెప్పలేక నీళ్లు నమిలితే ఫిజిల్ అన్నారట. ఆర్భాటంగా మొదలై చప్పబడిపోవడమనే ఇప్పటి అర్థం అట్లా స్థిరపడిందట.

నేను అంతగా అదిరిపడటానికి కారణం మా మేనమామ. దుమ్ముగూడెం దగ్గర బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన పాఠం మొదలుపెడితే గోదావరి అవతలి ఒడ్డున పశువులు తలలెత్తేవని మా అమ్మ కోతలు కోసేది. మాట శుభ్రంగా ఉండాలనే మనిషి. దీపావళినాడు నా టపాకాయ తుస్సుమందన్నందుకే, "ఆడివిల్లవు, గదేం మాటే?" అని కసిరాడు.

ఆయన రిటైరైన రోజు మేమంతా వెళ్లాం. అడవి పల్లెల నుంచి పాత విద్యార్థులు తేనె సీసాలతో వచ్చారు. వారాల తరబడి ఉపన్యాసం వల్లెవేసుకున్న మామయ్య లేచి, "పిల్లలారా" అన్నాడు. అంతే. కాసేపు పిల్లల వంక చూసి కూర్చుండిపోయాడు. చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇంటికొచ్చాక కండువా తీసి ఒళ్లో పెట్టుకుని, "ఫిజిల్ అయిపోయిన, బిడ్డా" అన్నాడు నాతో. ఆయన పోయినప్పుడు నేను ఏడ్చింది ఆ మాట తలుచుకునే.

అలాంటి మాట వెనక ఇదా! ఆగలేక మామయ్య భార్య, మా అత్తమ్మకు ఫోన్ చేసి, నసుగుతూనే సంగతి చెప్పాను. "మామయ్యకు ఈ ముచ్చట తెల్వదు గావచ్చు, అత్తమ్మా."

అవతల ఒకటే నవ్వు. "ఎందుకు తెల్వదే? మీరంత పోయినంక నాకు చెప్పిండు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. ఆయనైతే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. నవ్వి నవ్వి, ఇగ అన్నం పెట్టు, ఆకలైతుంది అన్నడు."

ఇన్నేళ్లూ నేను మోసిన ఆయన దుఃఖాన్ని ఆయన ఆ సాయంత్రమే దించేసుకున్నాడన్నమాట. మనిషి ఎప్పుడు పోయాడో తెలుస్తుంది గానీ, మనకు పూర్తిగా ఎప్పుడు తెలుస్తాడో కాలం ముందుగా చెప్పదు.