మీట మీద వేలు

పిచ్చుక థియేటర్ నాటకశాలలకు పేరుపడ్డ దెహాంగ్నో వీధిలో ఒక నేలమాళిగ. ఎనభై కుర్చీలు, వాటి వెనక అద్దం బిగించిన అగ్గిపెట్టెంత గది. ఆ గదిలో కూర్చుని దీపాలు వెలిగించడం, ఆర్పడం ప్యో మల్రే పని. నాటకాలాడేవాళ్ళలో ఆమె ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, పనితనం ఎరిగినవాళ్ళు ఎక్కువ. మొగుడు సెట్లు కొట్టే వడ్రంగి. అతనికి అన్నం పట్టుకొచ్చిన మనిషి, ఒకరోజు దీపాలవాడు రాకపోతే మీట మీద వేలు పెట్టింది. ఇరవయ్యేడేళ్ళయింది. మొగుడు పోయినా ఆమె ఆ గది వదల్లేదు. నటుల నోట ఆఖరి మాట పడకుండా ఏనాడూ దీపం ఆర్పి ఎరగదు. ఆ ఒక్కదానికే ఆమెకు కాస్త గర్వం.

ఆ వసంతంలో యూగ్యోంగ్ ఏకపాత్ర నాటకం మొదలైనప్పటినుంచీ మల్రే మనసు మనసులో లేదు.

ముప్పై నిండని యూగ్యోంగ్ తానే రాసి తానే ఆడుతున్న నాటకం అది. ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన అమ్మాయి తన గదిలో సాధన చేస్తుంటుంది. వంగి నమస్కరించడం, పేరు చెప్పడం, కూర్చోవడం. ఏదో ఒకటి నచ్చదు. "మళ్ళీ మొదట్నుంచి" అంటుంది. ఆఖరి ఘట్టంలో అలా మూడుసార్లు చేసి, కుర్చీలో కూలబడి, "ఇక చాలు" అంటుంది. ఆ మాటకి మల్రే దీపం ఆర్పాలి.

చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కుతున్నారు. నటనంటే ఇదీ అని పత్రికలు రాశాయి. అది నటనేనా అని అనుమానపడింది మల్రే ఒక్కతే.

మూడింటి ఆటకి ఈ పిల్ల పదకొండింటికే ఎందుకొస్తోంది? కుర్చీ ఉండాల్సిన చోట గుర్తుకి తానే అంటించిన టేపు ముక్కల్ని రోజూ పీకి మళ్ళీ ఎందుకు అంటిస్తోంది? మల్రే తెచ్చిపెట్టిన కింబాప్ అన్నపు చుట్టని "తినేశా పిన్నీ" అంటుందే, చుట్టిన కాగితం విప్పకుండా అది చెత్తబుట్టలో ఎలా తేలింది? "నాకేం లేదు, బాగానే ఉన్నా" అంటూనే మొగుడు ఒకనాటి పొద్దున నిచ్చెన మీంచి కూలిపోయాడు. అప్పట్నుంచి ఆ మాట ఎవరన్నా మల్రే నమ్మదు.

ఆట అయ్యాక యూగ్యోంగ్ అద్దాల గదికి వచ్చి నిలబడేది.

"పిన్నీ, ఇవాళ ఎన్ని తప్పులు?"

"ఒక్కటీ లేదు."

"అబద్ధం. రెండోసారి నడుము ఎక్కువ వంగింది. నువ్వు చూశావు. చూసి దాస్తున్నావు."

"ఇంత దూరం నుంచి నీ నడుము కొలవడానికి నేనేమన్నా దర్జీనా తల్లీ?"

పిల్ల నవ్వలేదు. దొంగసొత్తు ఎక్కడ దాచావన్నట్టు ఆమె కళ్ళలోకి చూసి వెళ్ళిపోయింది. పిల్ల మీద మల్రేకి అనుమానం, మల్రే మీద పిల్లకి అనుమానం. ఒకే ఇంట్లో రెండు పిల్లుల్లా ఒకరినొకరు కనిపెట్టుకుని తిరిగారు.

ఉండబట్టలేక ఒకరోజు మల్రే దర్శకుడు తాక్ చెవిన వేసింది. అతను వీధి మొగలో నూడుల్స్ జుర్రుతున్నాడు.

"నీకు గాలి వీచినా అనుమానమే అక్కా. పిల్ల పాత్రలో మునిగింది. మునగనీ."

"మునిగినవాళ్ళు తేలాలి గదా డైరెక్టర్‌గారూ."

"నెలాఖరు దాకా ఒక్క కుర్చీ ఖాళీ లేదు. నువ్వు దీపాలు చూసుకో."

ఈయనకి తెలుసు అనుకుంది మల్రే. తెలిసే కళ్ళు మూసుకున్నాడు. మరుక్షణం తన మీదే అనుమానం వచ్చింది. తెలిసీ మీట దగ్గర కూర్చుంటున్న తను మాత్రం ఏం తక్కువ తిన్నది?

బుధవారం మధ్యాహ్నం ఆట. ఆఖరి ఘట్టం. మూడో నమస్కారం అయింది. మల్రే మీట మీద వేలు పెట్టింది. యూగ్యోంగ్ కుర్చీ వైపు నడిచి, ఆగింది.

"మళ్ళీ మొదట్నుంచి."

నాటకంలో అక్షరం మార్చినా అద్దాల గదికి ముందు చెప్పడం ఆనవాయితీ. చెప్పలేదే? నాలుగోసారి వంగింది. ఐదోసారి. అదే గొంతు, అదే చిరునవ్వు. ఆరోసారికి ముందు వరసలో ఎవరో వెక్కారు. నాటకం అనుకుంటున్నారు పాపం. నాటకం రాసిన కాగితాల్లో మూడుసార్లనే ఉందని తెలిసింది ఈ గదికి మాత్రమే.

తలుపు కిర్రుమంది. తాక్ లోపలికి వంగాడు.

"ముట్టుకోకు అక్కా! జనాన్ని చూడు, ఊపిరి బిగబట్టారు."

"ఇది నాటకంలో లేదు."

"ఇప్పుడుంది."

ఏడోసారి వంగిన యూగ్యోంగ్ నడుము వెంటనే లేవలేదు. వేళ్ళు లంగా అంచుని పట్టుకుని వదలడం లేదు. అది నటనైతే, ఆర్పడంతో ఇరవయ్యేడేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. కాకపోతే? మల్రే వేలు కిందకి జరిపింది.

చీకటి పడింది. ఆ వెంటనే చప్పట్లు. తప్పు జరిగిందని ఎవరికీ తెలియలేదు.

"ఏం చేశావక్కా!" అన్నాడు తాక్, పళ్ళు నూరుతూ.

"దీపం ఆర్పాను" అంటూ మల్రే అతన్ని తోసుకుని, గోడ తడుముకుంటూ దిగి వేదిక మీదికి వెళ్ళింది. చప్పట్ల అడుగున ఇంకా ఆ గొంతు వినబడుతూనే ఉంది, మళ్ళీ మొదట్నుంచి, మళ్ళీ మొదట్నుంచి. నడుము పట్టుకుని పిల్లని నేల మీద కూర్చోబెట్టింది. చేతులు మంచుముద్దలు.

"ఎవరు ఆర్పమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే ఆర్పాను."

జనం మెట్లెక్కుతున్న చప్పుడు తగ్గాక పిల్ల మెల్లగా అంది.

"నాలుగోసారికే ఆర్పుతావనుకున్నా పిన్నీ."

సాయంత్రం ఆట లేదని మల్రే తాక్ ముఖానే చెప్పి, పిల్లని టాక్సీ ఎక్కించింది. రెండు సిగ్నళ్ళ అవతల మనసు జబ్బులు చూసే డాక్టరున్నాడు.

అక్కడ పేరు, వయసు, ఇంటి చిరునామా నింపమని కాగితం ఇచ్చారు. యూగ్యోంగ్ రెండక్షరాలు రాసి కొట్టేసింది. ఇంకోటి అడిగి తెచ్చుకుంది. అదీ కొట్టేసింది. మూడోదానికి లేవబోతుంటే మల్రే కలం లాక్కుంది.

"ఇటివ్వు. చెప్తూ ఉండు."

దీపాల చేతికి రాత ఎక్కడొస్తుంది? అక్షరాలు ఏటవాలుగా పోయాయి. ఫోన్ నంబరులో ఐదు పడాల్సిన చోట ఆరు పడితే దాని మీదే దిద్దింది. సిరా అలుక్కుపోయింది. పిల్ల ఆ మచ్చకేసి చూస్తూ కూర్చుంది. చెయ్యి సగం దాకా లేచి మళ్ళీ ఒళ్ళో పడింది.

ఎందుకైనా మంచిదని మల్రే ఆ కాగితం చటుక్కున తీసుకెళ్ళి కిటికీలో ఇచ్చేసింది.